ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

మానవునకు ఇల్లు అనగా నాలుగు గోడలును, పైకప్పును మాత్రమే కాదు. తాతలనాటి నుయ్యి, పెరటిలోని వేపచెట్టు, ఇరుగుపొరుగువారి పలుకరింపు, చీకటిలో సైతము తడబడక నడువగల తెలిసిన వీధి - ఇవి యన్నియు కలిసి ఇల్లగుచున్నవి. అట్టి యింటిని విడుచుట ఎవరికిని సులభము కాదు. వఱద ముంచెత్తినప్పుడును, యుద్ధము వచ్చినప్పుడును, పాలకుల యొత్తిడి భరింపరానిదైనప్పుడును ప్రజలు గత్యంతరము లేక ఊళ్లు విడిచిపోవుదురు. అట్లు పోయినవారి కష్టములు చరిత్ర పుటలలో అనేకముగా కానవచ్చును.

కృష్ణాడెల్టాకు పడమటి యంచున, సముద్రమునకు చేరువలో చీరాల, పేరాల అను జంటగ్రామములు కలవు. 1921వ సంవత్సరమున ఆ గ్రామముల ప్రజలలో అత్యధికులు ఒక్కమాటపై తమ యిండ్లను విడిచి, పొలిమేర దాటి, తాటాకు పాకలలో పదునొకండు నెలలు కాపురముండిరి. వారు దొంగలకు భయపడి పోలేదు, కఱవువలన పోలేదు. తమ సమ్మతి లేకుండ తమపై మోపిన పన్నుల భారమును అంగీకరింపజాలక, ఎదురుదెబ్బ కొట్టక, శాంతముగా వెడలిపోయిరి. ఆ మహాప్రస్థానమును నడిపిన నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

గోపాలకృష్ణయ్య 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లాలోని పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించెను. ఈ గ్రామము మున్నేటి యొడ్డున నున్నది. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు ఇది విజయవాడ కేంద్రముగా నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఆయన తండ్రి కోదండరామస్వామి బడిపంతులు, తల్లి సీతమ్మ. బిడ్డ పుట్టిన మూడవనాడే తల్లి కన్నుమూసెను. మూడేండ్లు నిండునప్పటికి తండ్రియు గతించెను. తల్లి లాలనయు, తండ్రి మందలింపును ఎఱుగని ఆ బాలుని నాయనమ్మయు, పినతండ్రియు చేరదీసి పెంచిరి. కన్నవారి యింట పెరుగవలసిన బిడ్డ మఱియొకరి యాదరమున పెరిగి పెద్దవాడయ్యెను. నీడ లేనివారికి నీడ నిచ్చుట యెంతటి పుణ్యమో ఆయనకు పుస్తకములు చదివి తెలిసికొనవలసిన పని లేకపోయెను.

బాల్యమున ఆయన విద్యాభ్యాసము కూచిపూడిలోను, గుంటూరులోను జరిగెను. బాలుడు మిక్కిలి చుఱుకైనవాడు. కాని పాఠ్యపుస్తకములకంటె పాటలు, పద్యములు, నాటకములు ఆయన మనస్సును ఎక్కువగా ఆకర్షించుచుండెను. గంభీరమైన కంఠము, చమత్కారమైన మాట, అప్పటికప్పుడు పద్యము చెప్పగల నేర్పు - ఇవి ఆయనకు సహజముగా అబ్బిన గుణములు. చదువు ముగించి కొంతకాలము బాపట్ల తాలూకా కచేరీలో ఉద్యోగము చేసెను. దస్త్రముల నడుమ ఆయన మనస్సు నిలువలేదు. పైచదువులు చదువవలెనను కోరిక బలపడెను.

1911వ సంవత్సరమున మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి ఆయన స్కాట్లండు దేశమునకు వెళ్లి, ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరెను. అక్కడ చదివి ఎం.ఏ. పట్టమును పొందెను. దూరదేశమున నున్నను ఆయన స్వదేశపు కళలను మఱువలేదు. దూరమైనకొలదియు వానిపై మమకారము హెచ్చెను. ఆ దినములలోనే సుప్రసిద్ధ కళావేత్త ఆనందకుమారస్వామితో ఆయనకు పరిచయము కలిగెను. నందికేశ్వరుడు సంస్కృతమున రచించిన అభినయదర్పణమును వారిరువురును కలిసి ఆంగ్లమున అనువదించిరి. ఆ గ్రంథమును 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించెను. భారతీయ నాట్యమును గూర్చి పాశ్చాత్యులకు తెలియజేసిన తొలి గ్రంథములలో అది యొకటి.

స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట గోపాలకృష్ణయ్య రాజమహేంద్రవరమున కొంతకాలము అధ్యాపకుడుగా పనిచేసెను. తరువాత మచిలీపట్టణమునందలి ఆంధ్ర జాతీయ కళాశాలలో చేరెను. కోపల్లె హనుమంతరావు ప్రభృతులు స్థాపించిన ఆ కళాశాల దేశభక్తులకు నిలయము. కాని గోపాలకృష్ణయ్య ఎవరికిని తలవంచు స్వభావము కలవాడు కాడు. అభిప్రాయభేదములు కలుగగా ఆ యుద్యోగమును విడిచిపెట్టెను. విదేశములలో గొప్ప పట్టమును పొందివచ్చిన విద్యాధికునకు ఆ కాలమున పెద్ద జీతము దొరకుట కష్టము కాదు. ఆయన దానిని కోరలేదు. ప్రజల నడుమ నుండి ప్రజలకొఱకు పనిచేయుటయే తన వృత్తి యని నిశ్చయించుకొని చీరాలను తన కార్యస్థానముగా చేసికొనెను. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అను సంస్థను నెలకొల్పి, తెలుగువారి సారస్వతమును, కళలను పునరుద్ధరింప పూనుకొనెను.

చీరాల, పేరాల ప్రాంతము నేతకు పేరుపొందినది. అక్కడి నేతగాండ్రు నేసిన రంగు రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశములకు పోవుచుండెను. నూనెతోను, క్షారముతోను నూలును పదను చేసి నేయు తేలియా రుమాళ్లకు ఆ ఊరు పుట్టినిల్లు. ఊరిలో ధనవంతులగు వర్తకులు కొందఱున్నను, ఎక్కువమంది నేతగాండ్రు, చిన్న కమతముల రైతులు, కూలివాండ్రు. నెలకింత యని నిలుకడగల రాబడి వారికి లేదు. మగ్గము ఆడిననాడు అన్నము, ఆడనినాడు అప్పు.

చీరాల, పేరాలలును, వాని ప్రక్కనున్న జాండ్రపేట మున్నగు పల్లెలును మొదట ఒక యూనియనుగా ఉండెను. 1919లో మద్రాసు ప్రభుత్వము చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘముగా మార్చవలెనని నిర్ణయించెను. పట్టణమునకు దీపములు, రహదారులు, పారిశుద్ధ్యము సమకూర్చుట మంచిపనియే. కాని ఆ మంచిపనికి కావలసిన ధనమును ఇచ్చుకొనగల శక్తి ప్రజలకు ఉన్నదా యని ఎవరును ఆలోచింపలేదు. అంతవఱకు సాలుకు సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్నులు సుమారు 40,000 రూపాయలకు పెరుగు స్థితి యేర్పడెను. జనాభాయో, అంతయు కలిసి పదునైదువేలు. ఈ భారమును తాము మోయలేమని ప్రజలు విన్నపములు పంపుకొనిరి. ప్రభుత్వము చెవినిడలేదు. 1920 చివర స్థానిక స్వపరిపాలన శాఖకు మంత్రియైన పానగల్లు రాజా రామరాయణింగారు సైతము పురపాలక సంఘమును తొలగించుటకు సమ్మతింపలేదు.

ప్రజలు గోపాలకృష్ణయ్యను ఆశ్రయించిరి. పురపాలక సంఘ సభ్యులు తమ పదవులకు రాజీనామాల నిచ్చిరి. ప్రజలు పన్నులు చెల్లించుట మానిరి. ప్రభుత్వము ఉద్యోగుల మూలమున పురపాలక సంఘమును నడుపుచు, పన్నులు చెల్లింపనివారిపై అభియోగములు తెచ్చెను. పన్నెండుగురు చెఱసాలకు వెళ్లిరి. వారిలో ఒక స్త్రీయు ఉండెను. చెఱసాల యన్న వెఱపు అంతటితో జనులకు పోయెను.

కోపము వచ్చిన జనసమూహమును శాంతముగా నుంచుట సులభమైన పని కాదు. ఎవడో ఒకడు రాయి విసరినచో ఉద్యమమంతయు చెడును. దీనిని గ్రహించి గోపాలకృష్ణయ్య రామదండు అను స్వచ్ఛందసేవక దళమును ఏర్పఱచెను. అందు సుమారు వేయిమంది యువకులు చేరిరి. వారు కాషాయ వస్త్రములు ధరించి, నొసట సిందూరము పెట్టుకొని, క్రమశిక్షణతో మెలగుచుండిరి. ఆయుధమను మాట వారిలో లేదు. ఊరిలో కావలి కాచుట, సభలలో జనులను క్రమముగా కూర్చుండబెట్టుట, రోగులకు సేవచేయుట - ఇవి వారి పనులు. రామునియందు గోపాలకృష్ణయ్యకు అపారమైన భక్తి. సేతువు కట్టిన వానరసేనవలె సామాన్యులే మహాకార్యమును సాధింపగలరని ఆయన విశ్వాసము.

1921 మార్చి 31వ తేదీన, ఏప్రిల్ 1వ తేదీన బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. తిలక్ స్వరాజ్యనిధికి ఒక కోటి రూపాయలు ప్రోగుచేయవలెననియు, ఒక కోటిమందిని కాంగ్రెసులో చేర్పవలెననియు, ఇరువది లక్షల రాట్నములు త్రిప్పింపవలెననియు అక్కడ తీర్మానించిరి. దేశనాయకులను చూచుటకు కృష్ణా, గుంటూరు జిల్లాల గ్రామములనుండి జనులు బండ్లపైనను, పడవలపైనను, కాలినడకను బెజవాడకు తరలివచ్చిరి. సమావేశము ముగిసిన కొలది దినములకే గాంధీ మహాత్ముడు చీరాలకు వచ్చెను. గోపాలకృష్ణయ్య ఆయనకు ప్రజల కష్టములను వివరించి, కర్తవ్యమును ఉపదేశింపుమని కోరెను.

మహాత్ముడు రెండు మార్గములను చూపెను. ఒకటి, పన్నులు నిరాకరించి, అందువలన కలుగు శిక్షలను అహింసతో ఓర్చుకొనుట. రెండవది, పురపాలక సంఘపు ఎల్లలను విడిచి వెలుపలికి పోవుట. ఊరే లేనిచోట ఊరిపన్ను ఎట్లుండును? కాని ఈ రెండవ మార్గమున నడచువారు ఇతరుల సహాయముపై ఆశ పెట్టుకొనరాదనియు, భారమంతయు తామే వహింపవలెననియు ఆయన హెచ్చరించెను. ఆ హెచ్చరికకు కారణము లేకపోలేదు. అంతకు ముందటి సంవత్సరము, అనగా 1920లో, ఖిలాఫత్తు ఉద్యమ సమయమున వేలకొలది ముస్లిములు తమ ఆస్తులను అమ్ముకొని ఆఫ్ఘనిస్థానమునకు వలసపోయిరి. మొదట ఆదరముతో స్వాగతమిచ్చిన ఆ దేశము, వచ్చువారి సంఖ్య తన శక్తిని మించగా ద్వారములు మూసికొనెను. అనేకులు దారిలో మరణించిరి. మిగిలినవారిలో పెక్కుమంది చేతిలో కాసు లేక మరలివచ్చిరి. ఇల్లు విడుచుట ఒక యెత్తు. విడిచినవారిని నిలుపుకొనుట మఱియొక యెత్తు.

గోపాలకృష్ణయ్య ఈ సంగతులన్నియు ఎఱిగినవాడే. తన ఒక్కని త్యాగమైనచో ఆయనకు ఆలోచన అక్కఱలేదు. ఇది వేలకొలది కుటుంబముల జీవనమునకు సంబంధించిన విషయము. ముసలివారు, పసిపిల్లలు, నిండుచూలాండ్రు ఆ గుంపులో ఉందురు. అయినను ప్రజలు రెండవ మార్గమునే కోరిరి. ఆయన వారితో నడచుటకు సిద్ధపడెను.

1921 ఏప్రిల్ చివర, ఎండలు మండిపోవు దినములలో, ప్రస్థానము మొదలయ్యెను. పదునైదువేలకు పైబడిన జనాభాలో పదమూడువేలకు మించినవారు ఊరు విడిచిరి. పురపాలక సంఘపు ఎల్లలకు ఆవల వేసిన తాటాకు పాకలే వారికి ఇండ్లయ్యెను. ఆ నూతన నివాసమునకు రామనగరము అని పేరిడిరి.

నేతగానికి ఇల్లు విడుచుట రైతు విడుచుటకంటె ఎంత కష్టమో గమనింపవలెను. గుంటమగ్గము నేలలో పాతుకొని యుండును. దానిని ఎత్తవలెనన్న కట్టిన పడుగును తెగకోయవలెను. క్రొత్తచోట మరల గుంట త్రవ్వి, స్తంభములు నాటి, పడుగు కట్టవలెను. పడుగును చాచి గంజి పెట్టుటకు పొడవైన నీడగల వీధి కావలెను. ఎండకు నూలు తెగును. వానకు పాకలోనికి నీరు దిగి మగ్గపు గుంట నిండును. పని సాగనిదే కూలి లేదు; కూలి లేనిదే గంజి లేదు. ఇంతటి నష్టమునకు సిద్ధపడి ఆ ప్రజలు కదలిరనగా వారి పట్టుదల ఎట్టిదో ఊహింపవచ్చును. వర్తకులు దుకాణములను విడిచిరి. మేడలలో నుండిన కలవారును, పూరిండ్లలో నుండిన పేదలును ఒకే తీరు పాకలలో ప్రక్కప్రక్కన కాపురముండిరి.

రామనగరమున గోపాలకృష్ణయ్య ప్రతిభ వెల్లడియయ్యెను. అన్ని కులముల ప్రతినిధులతో ఒక సభ యేర్పడెను. తగవులు వచ్చినచో తీర్చుటకు పంచాయతీ యుండెను. రామదండు రేయింబవళ్లు కావలి కాచుచుండెను. తాటాకు పాకలకు నిప్పు గొప్ప శత్రువు. ఇంతమంది ఒకచోట నున్నప్పుడు అంటువ్యాధులును అంతటి శత్రువులే. కావున శుభ్రతయందును, జాగ్రత్తయందును ఎవరును ఏమరియుండరాదు. సాయంకాలములందు భజనలు, ఉపన్యాసములు జరుగుచుండెను. గోపాలకృష్ణయ్య తన హాస్యముతో, పాటలతో, పద్యములతో జనుల దిగులును పోగొట్టుచుండెను. ఇల్లు పోయినవానికి అన్నముతోపాటు నవ్వు కూడ అవసరమే యని ఆయన ఎఱుగును.

శ్రీరాముడు అయోధ్యను విడిచినప్పుడు గంగయొడ్డున గుహుడు ఎదురేగి ఆదరించినట్లు రామాయణము చెప్పుచున్నది. గుహుడు చక్రవర్తి కాడు. తనకున్నదానిలోనే అతిథికి పెట్టినవాడు. రామనగరవాసుల విషయమునను ఇరుగుపొరుగు గ్రామములే గుహుని స్థానమున నిలిచినవి. కొందఱు నిర్వాసితులు ఆ గ్రామములలోనే తలదాచుకొనిరి. ఆంధ్రదేశమున పలుచోట్ల వారి కొఱకు విరాళములు వసూలయ్యెను. ఇట్టి ఆతిథ్యమును తక్కువగా ఎంచరాదు. అతిథిని ఒకపూట ఆదరించుట అందఱకును ఇష్టమే. నెలలు గడచినకొలది నూతిలోని నీరు ఇద్దఱకు చాలవలెను. పశువుల మేత ఇద్దఱకు పంచుకొనవలెను. దొరకు కూలిపని ఇద్దఱు చేసికొనవలెను. అప్పుడును ముఖము చిట్లింపనివారే నిజమైన ఆతిథేయులు. వచ్చినవారును తమ బరువు ఎదుటివారిపై పడకుండ మెలగవలెను. ప్రజలు తమ కాళ్లపై తాము నిలువవలెనని గోపాలకృష్ణయ్య పట్టుపట్టుటకు ఇదియే కారణము.

ప్రభుత్వము ఊరకుండలేదు. ప్రభుత్వపు భూములను ఆక్రమించి పాకలు వేసిరని నిర్వాసితులపై అపరాధ రుసుములు విధించెను. ఊరు విడిచినను పన్ను వెంబడించినట్లయ్యెను. వేసవి పోయి వానకాలము వచ్చెను. నేతపని కుంటుపడుటచే పేదల యిండ్లలో ఇక్కట్లు హెచ్చెను. ధనము కావలసియుండెను. గోపాలకృష్ణయ్య విరాళములకై సంచారము చేయుచు, ఆ సంవత్సరముననే గంజాము జిల్లాలోని బరంపురమునకు వెళ్లెను. అక్కడ ఉపన్యసింపరాదని అధికారులు ఆజ్ఞ జారీచేసిరి. ఆయన ఆ యాజ్ఞను మన్నింపలేదు. ప్రభుత్వము ఆయనను నిర్బంధించి ఒక సంవత్సరము కారాగారశిక్ష విధించి, తిరుచిరాపల్లి చెఱసాలకు పంపెను.

నాయకుడు దూరమైనను రామనగరము వెంటనే చెదరిపోలేదు. ప్రజలు శీతకాలమును కూడ ఆ పాకలలోనే గడపిరి. కాని నడిపించు మాటయు, ధైర్యము చెప్పు నవ్వును లేవు. చేతిలోని ధనము తరిగిపోయెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటన జరుగగా, మహాత్ముడు దేశవ్యాప్తముగా శాసనోల్లంఘనమును నిలిపివేసెను. బయటినుండి వచ్చు ఉత్సాహమును చల్లారెను. పదునొకండు నెలల పిమ్మట ప్రజలు ఒకరి వెనుక ఒకరు తమ పాత యిండ్లకు మరలిపోయిరి. పురపాలక సంఘము నిలిచియే యుండెను, పన్నులును ఉండెను.

ఇది ఓటమి కాదా యని ఎవరైన అడుగవచ్చును. కోరిన కోర్కె ఆనాడు నెఱవేరలేదన్నది సత్యమే. దానిని దాచవలసిన పని లేదు. పేదలు పడిన నష్టము చిన్నది కాదు. నాయకుని మనస్సునకు అది మానని గాయమే యైయుండును. కాని ఆ పదునొకండు నెలలలో పదమూడువేలమంది రక్తపాతము లేకుండ, ఒక ప్రభుత్వముతో తలపడి నిలిచిరి. తమ ఊరిని తామే పాలించుకొనిరి. మేడలవారును, పాకలవారును ఒకే నేలపై పండుకొనిరి. తెలుగుదేశమున సామాన్యజనుడు భయమును విడుచుట నేర్చుకొన్న పాఠశాలలలో రామనగరము ఒకటి. ఆ పిదప జరిగిన స్వాతంత్ర్య పోరాటములకు అది మార్గదర్శకమయ్యెను. చీరాలలో పురపాలక సంఘము 1948లో, దేశము స్వతంత్రమైన తరువాత, మరల ఏర్పడెను. పురపాలనము చెడ్డదని ఆ ప్రజలు ఏనాడును తలపలేదు. తమను అడుగక తమపై భారము మోపుట తగదనుటయే వారి వాదము.

చెఱనుండి విడుదలైన పిమ్మట గోపాలకృష్ణయ్య కాంగ్రెసు రాజకీయములలో పాల్గొని, స్వరాజ్యపక్షమున చేరెను. కాని ఆయన మనస్సు పదవులకంటె గోష్ఠిపైననే లగ్నమై యుండెను. తోలుబొమ్మలాట, వీథినాటకము, జానపదుల పాట మున్నగునవి ప్రజల చదువునకు సాధనములని ఆయన నమ్మెను. ధనము కూడబెట్టుట ఆయనకు చేతకాదు. వచ్చినది వచ్చినట్లే వ్యయమయ్యెను. చివరి దినములలో లేమియు, క్షయవ్యాధియు ఆయనను చుట్టుముట్టినవి. 1928వ సంవత్సరము జూన్ 10వ తేదీన, నలువది యేండ్లైనను నిండకుండ, ఆయన దివంగతుడయ్యెను.

ప్రజలు ఆయనను ఆంధ్రరత్న యని గౌరవించిరి. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయమునకు ఆంధ్రరత్న భవనమని పేరిడుట ఆయన స్మృతికి చిహ్నము. చీరాల 1970లో ప్రకాశం జిల్లాలోను, 2022లో బాపట్ల జిల్లాలోను చేరినది. జిల్లాల ఎల్లలు మాఱినను చీరాల, పేరాల అనగానే తెలుగువారికి గోపాలకృష్ణయ్య పేరే గుర్తునకు వచ్చును.

ఆయన పుట్టిన నేలకు ఇల్లు విడిచినవారి బాధ తరువాతను తెలియకపోలేదు. 1947, 1948 సంవత్సరములలో రజాకార్ల దౌర్జన్యములకు తాళలేక తెలంగాణమునుండి వచ్చిన కుటుంబములు కృష్ణాజిల్లాలో తలదాచుకొన్నవి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది మరణింపగా, బ్రతికినవారు కట్టుబట్టలతో మిగిలిరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో అనేక పేటలు నీట మునిగినప్పుడు, ఇండ్లు విడిచినవారికి ఆహారపు పొట్లములను, త్రాగునీటిని అందించుటకు చుట్టుప్రక్కల ఊళ్లవారు కదలివచ్చిరి. ఇండ్లు విడుచుటకు కారణములు వేఱు కావచ్చును. తలుపు తట్టినవాని ఆకలి ఒక్కటే.

కన్నవారు లేని బిడ్డను నాయనమ్మయు, పినతండ్రియు ఆదరించినందున తెలుగుదేశమునకు ఒక రత్నము లభించెను. ఆ బిడ్డ పెద్దవాడై, ఇండ్లు విడిచిన వేలకొలది జనులకు పెద్దదిక్కై నిలిచెను. మన వాకిట నిలిచిన నిర్వాసితునిలో రేపటి గోపాలకృష్ణయ్య ఉండునేమో ఎవరు చెప్పగలరు? ఇల్లు విడిచినవానిని భారముగా కాక బంధువుగా చూచుటయు, మనమే విడువవలసివచ్చినచో ధైర్యమును, మర్యాదను విడువకుండుటయు ఆంధ్రరత్న జీవితమునుండి మనము గ్రహింపవలసిన నీతి.